విప్పని రెండో పొట్లం

కోయంబత్తూరులో సింగానల్లూరు బస్టాండు వెనుక వీధుల్లో ఒకదానిలో, రేకుల కప్పు కింద, పెరుమాళ్సామి నాయుడుగారి వర్క్‌షాపు ఉన్నది. నలభై ఎనిమిది సంవత్సరాలుగా ఆయన అక్కడ ప్యాట్రన్లు చేస్తున్నారు. ప్యాట్రన్ అనగా పోత పోయవలసిన వస్తువుకు ముందుగా కొయ్యతో చేసే నమూనా. ఫౌండ్రీవారు ఇసుకలో దాని అచ్చు తీసి, ఆ అచ్చులో కరిగిన ఇనుమును పోస్తారు. ఇనుము చల్లారేటప్పుడు కొంత కుంచించుకొనిపోతుంది. అందుచేత ఈ పనివారి వద్ద మామూలు స్కేలు గాక మరొక స్కేలు ఉంటుంది. దానిలోని అంగుళం లోకంలోని అంగుళం కంటే ఒక పిసరు పొడుగు. దానిని కాంట్రాక్షన్ స్కేలు అంటారు.

ఆయన భార్య పాపమ్మాళ్ ఈ స్కేలును గురించి ఒక మాట అంటూ ఉండేవారు.

“ఊరోళ్ళ తప్పుని మామూలు స్కేలుతో కొలుస్తారు. మీ తప్పుకి మాత్రం ఆ పొడుగు స్కేలు తీస్తారు. అందుకే మీది ఎప్పుడూ చిన్నదిగానే తెలుస్తాది.”

ఈ మాటకు ఆధారం లేకపోలేదు. వారి ఇంటి ముందు నాలుగు మెట్లు ఉన్నవి. ఇల్లు కట్టినప్పుడు ఆయనే దగ్గరుండి కొలతలు చెప్పి కట్టించినారు. మూడో మెట్టు తక్కిన వాటికంటే అంగుళమున్నర ఎత్తుగా వచ్చినది. ముప్పై సంవత్సరాలుగా ఆ ఇంటికి వచ్చినవారందరూ ఆ మెట్టు వద్ద తూలినారు. పాల మనిషి తూలినాడు, పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చిన వియ్యంకుడు పళ్ళెంతో సహా తూలినాడు. అందరికీ ఆయన ఇచ్చిన జవాబు ఒక్కటే: “కాలెత్తి వెయ్యాల. చూసి నడిచేవాళ్ళకి ఏమీ కాదు.”

అటువంటి మనిషి దేవుని ఎదుట పడిన చిక్కును ఇక్కడ వ్రాయడమైనది.

ఆయన స్వస్థలం చిన్నమనూరుకు సమీపంలోని ఒక గ్రామం. అన్నగారు అళగిరిసామి నాయుడు నేటికీ అక్కడనే ద్రాక్ష, అరటి సాగు చేస్తున్నారు. వంశపారంపర్యంగా ఆ కుటుంబానికి ఒక బెత్తపు పెట్టె ఉన్నది. అందులో ఒక చిన్న కత్తి, ఒక జత గజ్జెలు, పసుపు పట్టుగుడ్డ, రెండు వెండి కళ్ళు ఉంటవి. విగ్రహం లేదు. ఆ పెట్టెయే వారి ఇంటిదేవత వీరమ్మ. అది పెద్దవాని ఇంట ఉండవలెను. సంవత్సరానికి ఒక్కసారి, తమిళ పంచాంగపు మాశి నెల మొదటి శుక్రవారం ఉదయం, దానిని తెరచి హారతి ఇచ్చి, మరల తాడుతో కట్టి ముడి వేయవలెను.

2013వ సంవత్సరంలో పెరుమాళ్సామిగారు ఆ పెట్టెను సింగానల్లూరుకు తీసుకొనిపోవలెనని కోరినారు. అన్నగారి ఇంటి పెంకులు కారుతున్నవి. దాయాదులలో ఎక్కువమంది కోయంబత్తూరులోనే స్థిరపడినారు. కారణాలు రెండూ నిజమైనవే. అళగిరిసామిగారు కాదనలేదు, ఔననలేదు.

“మన ఇష్టమా రా ఇది? అమ్మని అడుగుదాం. పూ కట్టి అడుగుదాం” అన్నారు.

పూవు కట్టి అడగడం ఆ కుటుంబాలలో పాత వాడుక. ఒకే రకం ఆకులో రెండు పొట్లాలు కట్టుతారు. ఒకదానిలో తెల్లని నందివర్ధనం, ఇంకొకదానిలో ఎర్రగన్నేరు. వాటిని దేవత ముందు ఉంచి, ఏమీ తెలియని చిన్నబిడ్డచేత ఒకటి తీయిస్తారు. తెలుపు వస్తే అమ్మకు సమ్మతం, ఎరుపు వస్తే కాదు. మిగిలిన పొట్లాన్ని ఎవరూ విప్పరాదు, అట్లే తీసుకొనిపోయి పారే నీటిలో వదలవలెను. విప్పి చూస్తే అమ్మ మాటను శంకించినట్లు.

“చేతిపనోడివి, పొందికగా కడతావు. పొట్లాలు నువ్వే కట్టు” అని అన్నగారే తమ్మునితో అన్నారు.

పెరుమాళ్సామిగారు గోడవైపు తిరిగి పొట్లాలు కట్టినారు. ఎర్రపువ్వు ఆయన అరచేతిలోనే ఉన్నది. కొంతసేపటికి అది చొక్కా జేబులోనికి పోయినది. రెండు పొట్లాలలోనూ తెల్లపువ్వే కట్టినారు.

అళగిరిసామిగారి మనుమరాలు మధుమితకు అప్పుడు ఐదేండ్లు. ఆ బిడ్డ ఒక పొట్లం తీసి తాత చేతికి ఇచ్చినది. అళగిరిసామిగారు దానిని విప్పి, ఆ తెల్లపువ్వును కొంతసేపు చూచి, కళ్ళకద్దుకొని, “సరి, అమ్మ చిత్తం” అన్నారు. రెండో పొట్లాన్ని పెరుమాళ్సామిగారు తామే తీసుకొనిపోయి కాలువలో వదలినారు. ఆ సాయంత్రమే పెట్టె సింగానల్లూరుకు చేరినది.

తాను తప్పు చేసినట్లు ఆయన అనుకొనలేదు. ఐదేండ్ల పసిదాని చెయ్యి ఎటు పోతుందో ఎవరికి తెలుసు? అటువంటి గుడ్డి లెక్కకు అమ్మను వదలివేయడం భక్తి అవుతుందా? ఎట్లైనా అమ్మ తెలుపే ఇచ్చి ఉండేది, తాను ఆమెకు శ్రమ తగ్గించినాడు, అంతే. చివరకు అన్నిటికంటె గట్టి కారణం ఒకటి దొరికినది. ఇది అమ్మకు ఇష్టం లేనిదే అయితే ఆమె ఆపి ఉండవచ్చును గదా! ఆపలేదు. మౌనంగా ఉన్నది. కనుక ఒప్పుకొన్నది.

మరుసటి సంవత్సరం మాశి శుక్రవారం వచ్చినది. ఆయన స్నానం చేసి పెట్టె ముందు కూర్చున్నారు. అన్న వేసిన ముడి అది. దాని మీద చెయ్యి వేసి, తీసివేసి, వేలికి ఉలి తగిలిన గాయం ఉన్నది, రక్తం చేతితో అమ్మను తాకరాదు అని లేచినారు. గాయం నిజమే, కాని అది ఆరి నాలుగు దినాలైనది. ఆ పై సంవత్సరం దూరపు దాయాది ఇంట మైల వచ్చినది. మూడో సంవత్సరం, పెట్టె తెరిచే హక్కు పెద్దవానిదే, అన్న వచ్చి తెరవవలెను అన్నారు. కబురు పంపినారు. అళగిరిసామిగారు రాలేదు. దానితో తప్పు అన్నగారిదై పోయినది.

పెట్టె తెరువబడలేదు. క్రమంగా ఆయన శనివారాలలో పెరుమాళ్ కోవెలకు, అనగా విష్ణ్వాలయానికి, పోవడం మానినారు. పురట్టాశి నెలలో ఇంట తళిగ వేసి పెరుమాళ్ళకు నైవేద్యం పెట్టేటప్పుడు వర్క్‌షాపులో అర్జెంటు పని ఉండేది. గుంపులు, చెప్పుల దొంగలు, మైకు గోల, ఇట్లా ఒక్కొక్క కోవెలకు ఒక్కొక్క లోపం కనబడినది. దినమూ పెట్టె ముందు దీపం పెట్టే పని పాపమ్మాళ్‌దే అయినది.

“సామి అన్ని చోట్లా ఉండాడు. కోయిలకి పోయే చూడాల్నా?” అన్నారు ఆయన ఒకనాడు.

“అన్ని చోట్లా ఉండేవాడు మన నడుఇంట్లో ఈ పెట్టెలో మాత్రం లేకుండా పోయినాడా? ఆ రూములోకి వచ్చి ఎన్ని దినాలాయె మీరు?”

పెట్టె ఉన్న గది దాటేటప్పుడు ఆయన చూపు ఎప్పుడూ గోడ గడియారం మీద ఉండేది. మనిషికి దేవునితో పోట్లాట ఉంటే ఎదురుగా నిలిచి పోట్లాడవచ్చును. తన వైపే న్యాయమని ఒక్కొక్క కారణాన్నే పేర్చుకొంటూ వచ్చినవానికి, ఆ పేర్చినదే అడ్డుగోడ అయినది.

2024వ సంవత్సరం ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం వర్క్‌షాపుకు ఫోను వచ్చినది.

“చిన్నతాతా, మధుమిత మాట్లాడ్తా ఉండాను. అవ్వ బాగుండాదా?”

ఆ బిడ్డ ఇప్పుడు ప్లస్ వన్, అనగా పదకొండో తరగతి, చదువుతున్నది. క్షేమాలు అడిగిన తరువాత అసలు మాట చెప్పినది.

“తాత కోయిల లోపలికి పోయేదే లేదు, మీకు తెలుసునా? మమ్మల్ని పంపించి తాను చెప్పులకాడ కూర్చుంటాడు. నామం పెట్టుకొనేదీ నిలిపేసినాడు. ఏల తాతా అంటే, వద్దన్నోళ్ళ ఇంటికి ఏల పోవాల అంటాడు.”

“ఎవురు వద్దనిరి అన్నని?”

“అమ్మే. పెట్టె పోయిన దినం, ‘నా చేతి పూజ అమ్మకి నచ్చలే, అందుకే పోయె’ అనుకొన్నాడంట. చిన్నతాతా, ఒగటి అడగనా? ఆ పొట్లం తీసింది నేనే గదా. నేను ఆ రెండోది తీసింటే అమ్మ మాతోనే ఉండునా?”

ఈ ప్రశ్నకు జవాబు ప్రపంచంలో ఒక్కరికే తెలుసు. ఆయన ఫోనును ఒక చెవి నుండి ఇంకొక చెవికి మార్చినారు.

“చిన్నబిడ్డవి. నీకేల అదంతా? పరీక్షలకి చదువుకో” అని పెట్టివేసినారు.

తన దొంగతనం వల్ల ఎవరికీ నష్టం లేదన్నది ఆయన కారణాలన్నిటికీ పునాది. ఆ పునాది ఇప్పుడు కదలినది. తాను తీసుకొనిపోయినది పెట్టె మాత్రమే అనుకొన్నారు. అన్న నుండి తీసుకొనిపోయినది పెట్టె కాదు, అమ్మ తనను తోసివేయలేదన్న నమ్మకం. అయినప్పటికీ పాత అలవాటు ఊరుకొనలేదు. ఒక్క పువ్వుకే వాడిపోయే భక్తి ఏమి భక్తి, కోవెలకు పోవద్దని నేను చెప్పినానా, అని నాలుగు దినాలు లోలోపల వాదించినారు. ఈసారి మాత్రం వాదన ముగిసిన ప్రతిసారీ ఆ బిడ్డ ప్రశ్న మొదటి నుండి వినబడినది.

సోమవారం నాడు ఫౌండ్రీ యజమాని దొరసామి ఒక పోత ముక్కతో వచ్చినారు. పంపుకు వేసే మూత అది.

“అన్నా, ఇది చూడండి. సైజు తక్కువ వచ్చింది. లేత్‌లో పెట్టి తిప్పి చెక్కేదానికి పైన మెటీరియలే లేదు.”

పెరుమాళ్సామిగారి నోట మూడు వాక్యాలు సిద్ధంగా ఉన్నవి. ఇసుకలో తడి ఎక్కువ. ఇనుము వేడి చాలలేదు. మోల్డింగు చేసినవాడు కొత్తవాడు. మొదటి వాక్యం మొదలుపెట్టబోతూ బల్ల మీద చూచినారు. ప్యాట్రన్ పక్కన ఉన్నది మామూలు స్కేలు. పొడుగు స్కేలు మేకుకు తగిలించినది తగిలించినట్లే ఉన్నది. మనసు ఎక్కడనో ఉండి, చెయ్యి దొరికిన దానితో కొలిచినది.

“తప్పు నాదే, దొరసామీ” అన్నారు. “స్కేలు మార్చేసినాను.”

దొరసామి ఆయన ముఖం వైపు చూచినారు.

“అన్నా, ఒళ్ళు బాగుండాదా? ప్రెషర్ మాత్ర వేసుకొంటిరా?”

“వేసుకొంటినప్పా.”

“అట్లనా? సరి. బుధవారానికి కొత్తది చేసి ఇచ్చేయండి.”

అంతే. దొరసామి టీ త్రాగి, మోటారుబండి ఎక్కి వెళ్ళిపోయినారు. పెరుమాళ్సామిగారు చాలాసేపు ఆ ముక్కను చేతిలో పట్టుకొని కూర్చున్నారు. అరువది ఏడు సంవత్సరాలుగా ఆయన భయపడిన మాట అది. టీ చల్లారేలోపల ముగిసిపోయినది.

ఇంటికి పోయి భార్యకు అంతా చెప్పినారు. పాపమ్మాళ్ వత్తి చేస్తున్నవారు చెయ్యి ఆపినారు.

“అయితే పదకొండేండ్లు నేను దీపం పెట్టింది ఎత్తుకొచ్చిన పెట్టెకా?”

“ఊ.”

“ఎంత ధైర్యం మీకు! అమ్మనే ఏమారిస్తిరా?” కొంతసేపటికి ఆమె కంఠం తగ్గినది. “ఈ శుక్రవారం మాశి మొదటి శుక్రవారం. తెలుసు గదా?”

“తెలుసు. గురువారం పోదాం.”

గురువారం ఉదయం ఇద్దరూ బస్సు ఎక్కినారు. పెట్టెను పైన పెట్టక ఆయన ఒడిలోనే పెట్టుకొన్నారు. దారి పొడవునా పెదవులు కదలుతూనే ఉన్నవి.

“ఏమి గొణుగుతా ఉండారు?”

“ముందర పెంకులు కారిన సంగతి చెప్పి, ఆ పైన అప్పుడు దాయాదులంతా కోయంబత్తూరులో ఉండిన సంగతి చెప్పి...”

“మీరు ముందరా ఆ పైనా చెప్తా పోతే మన ఊరు దాటి కంబం దాకా పోయినా ముగిసేది లేదు. ఒగటే మాట చెప్పండి. చాలు.”

అళగిరిసామిగారు ద్రాక్ష పందిరి కింద తీగలు సరిచేస్తున్నారు. వయసు డెబ్బై ఐదు. తమ్ముని చూచినారు, తమ్ముని చేతిలోని పెట్టెను చూచినారు. మెడలోని తుండు తీసి చేత పట్టుకొన్నారు, కాని దగ్గరకు రాలేదు.

“ఏమ్రా, అక్కడా వద్దనిందా అమ్మ?”

మధుమిత ఇంటిలో నుండి పరుగున వచ్చి పందిరి గుంజ పక్కన నిలిచినది.

“అన్నా, అప్పుడు మన ఇంటి పెంకులు...” అని మొదలుపెట్టినారు పెరుమాళ్సామిగారు. పాపమ్మాళ్ దగ్గినారు. ఆయన పెట్టెను గట్టుమీద దింపి, రెండు చేతులూ జోడించినారు.

“అన్నా, రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వే కడితిని.”

అళగిరిసామిగారు పందిరి కింద నుండి ఒక అడుగు ముందుకు వేసినారు.

“రెండింట్లోనా?”

“రెండింట్లోనూ.”

“ఎర్రపువ్వు?”

“నా జేబులో ఉండింది.”

అళగిరిసామిగారు కాలువ వద్దకు పోయి, వంగి, ముఖం మీద నీళ్ళు చల్లుకొన్నారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన కోపంతో ఉన్నట్లు లేదు. భయపడుతూ అడిగే మనిషివలె ఉన్నారు.

“అట్లయితే... అమ్మ నన్ను వద్దనలేదా?”

“లేదన్నా. అమ్మని ఎవురూ అడగనే లేదు.”

“అనలేదా!” అని ఆయన అక్కడనే గట్టుమీద కూర్చుండిపోయినారు. తుండుతో ముఖం మూసుకొన్నారు. భుజాలు కదలినవి. ఏడుస్తున్నారని అందరూ అనుకొన్నారు. ఏడుపులో నుండి నవ్వు వచ్చినది.

“పాపీ! పదకొండేండ్లురా! పదకొండేండ్లు ఏ తప్పు చేస్తినో, ఏ తప్పు చేస్తినో అని నన్ను నేనే తవ్వుకొంటిని గదరా! నీకి ఒగటి పెట్టాల.”

“పెట్టన్నా” అని పెరుమాళ్సామిగారు తల వంచినారు.

అన్నగారు చెయ్యి ఎత్తి నెత్తిమీద ఒకటి వేసినారు. “ఇది నాకి.” ఇంకొకటి వేసినారు. “ఇది ఆ బిడ్డకి.”

“తాతా, నాది నేనే పెడ్తాను” అన్నది మధుమిత. పెట్టలేదు. చిన్నతాత పక్కకు వచ్చి, “అంటే నేను ఏది తీసినా ఒగటేనా?” అని అడిగినది.

“ఒగటేనమ్మా. నీ చేతిలో ఏమీ లేదు. ఆ దినమే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది.”

ఆ బిడ్డ పెద్దగా ఊపిరి వదలినది.

మరునాడు ఉదయం పెట్టెను పాత చోటనే ఉంచినారు. పెంకులు ఇప్పుడు మార్చబడి ఉన్నవి. అళగిరిసామిగారి నుదుట నామం ఉన్నది. ఆయన తమ్ముని పిలిచి, “ఈ ఏడు హారతి నీ చేత్తో ఇయ్యి” అన్నారు.

పెరుమాళ్సామిగారు వెనుకకు జరిగినారు. “నా చెయ్యి పనికొస్తాదా అని అమ్మని అడగన్నా. ఈ తూరి నేను పొట్లం తాకను.”

మధుమిత అందరి ఎదుట, ఒక్కొక్క పువ్వునూ పైకెత్తి చూపించి, పొట్లాలు కట్టినది. ఎదురింటి చిన్నబిడ్డ కృత్తిక వచ్చి, చాలాసేపు ఆలోచించి, ఎడమవైపుది తీసినది. జీవితంలో మొదటిసారిగా పెరుమాళ్సామిగారు అమ్మను నిజముగా ఒక మాట అడిగినారు. ఏమి వస్తుందో ఆయనకు తెలియదు.

ఎర్రగన్నేరు వచ్చినది.

అందరూ ఆయన వైపు చూచినారు. పాపమ్మాళ్ కళ్ళు మూసుకొన్నారు. బిడ్డ చెయ్యి, ఆకు అంచు, కట్టిన తీరు, ఏదో ఒక లోపం ఇప్పుడు బయటికి వస్తుందని ఆమె సిద్ధపడినారు.

“సరి” అన్నారు పెరుమాళ్సామిగారు.

ఆయన ముఖం వెలిగి ఉన్నది.

“ఏమ్రా, నవ్వుతా ఉండావు?” అన్నారు అన్నగారు.

“పదకొండేండ్లు అమ్మ మాట్లాడదనుకొంటి. ఇదో, ఒద్దు అనింది గదా! వినేదానికి ఆమె ఉండాదన్నా. నేనే గోడకి తిరిగి నిలిచింటిని.”

అళగిరిసామిగారు తాను వేసిన ముడిని తానే విప్పినారు. ముడి బిగిసి ఉన్నది, చాలాసేపు పట్టినది. వెండి కళ్ళు మసకబారి ఉన్నవి. వాటిని చింతపండుతో తోమి పట్టుగుడ్డ మీద ఉంచి, హారతి ఇచ్చినారు. పెరుమాళ్సామిగారు అందరికంటె వెనుక, వాకిలి పక్కన, చేతులు జోడించి నిలిచి, ఆ కళ్ళను చూచినారు. చూపు పక్కకు తిప్పుకొనలేదు. పెట్టె అన్నగారి ఇంటనే ఉండిపోయినది. ఆ రోజు బస్సులో, ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకొని, ఆయన సింగానల్లూరు వచ్చేవరకు నిద్రపోయినారు.

తరువాతి వారం మేస్త్రీ ఆండియప్పను పిలిపించి, ఇంటి ముందు మూడో మెట్టును అంగుళమున్నర చెక్కించినారు. సిమెంటు ఆరిన మొదటి ఉదయం పాపమ్మాళ్ కోవెల నుండి తిరిగి వస్తూ, ముప్పై ఏండ్ల అలవాటు చొప్పున మూడో మెట్టు వద్ద కాలు ఎత్తి వేసి, అక్కడ ఎత్తు లేక, ముందుకు తూలినారు. వెనుకనే వస్తున్న భర్త పట్టుకొన్నారు.

“కాలెత్తి...” అని ఆయన నోట వచ్చినది. ఆగినారు.

“చెప్పండి, చెప్పండి” అన్నారు పాపమ్మాళ్.

“తప్పు నాదే” అన్నారు ఆయన. “చెక్కించినాక కాలెత్తే పని లేదని నీకి చెప్పలేదు.”

పాపమ్మాళ్ ఆ మెట్టు మీదనే కూర్చొని, కళ్ళలో నీళ్ళు వచ్చేవరకు నవ్వినారు. పెరుమాళ్సామిగారు చేతిలోని ప్రసాదం ఆకును ఇద్దరి మధ్యనా పెట్టి, ఆమె పక్కన కూర్చున్నారు.